రంగుటద్దాల్లో బైబిలు: చూసేవారున్నారు, చదివేవారేరీ?
మెదక్ కిటికీల బొమ్మలకు అర్థం ఏమిటి? మన జిల్లా చర్చిలు సాదాగా ఎందుకున్నాయి?

జమ్మలమడుగు: తోలుబొమ్మలాట చూసిన పెద్దలకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. పగటిపూట పెట్టెలో మడిచి ఉన్నప్పుడు ఆ బొమ్మ ఒట్టి తోలు ముక్క. రాత్రి తెల్లపంచె కట్టి, వెనుక ఆముదం దీపం పెట్టగానే అదే తోలు ముక్క రాముడవుతుంది, రావణుడవుతుంది. రంగులో నుంచి వెలుగు దూరి వస్తేనే బొమ్మకు ప్రాణం. నీలిరంగు మేనితో, విల్లు పట్టుకుని వచ్చినవాడు రాముడని, పది తలలవాడు రావణుడని, తోక ఉన్నవాడు హనుమంతుడని పంచె ముందు కూర్చున్న పసివాడికి కూడా తెలుసు. పేరు రాసి చూపించాల్సిన పని లేదు.

సరిగ్గా ఇదే సూత్రం మీద పడమటి దేశాలవారు తొమ్మిది వందల ఏళ్లుగా చర్చిల కిటికీలలో బొమ్మలు నిలుపుతున్నారు. వారిది తోలు కాదు, గాజు. దీపం కాదు, సూర్యుడు. రాత్రి కాదు, పగలు. కథ మాత్రం రామాయణం బదులు బైబిలు. మన తెలుగునాట ఈ విద్యకు పేరెన్నికగన్న చోటు మెదక్. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి హైదరాబాదుకు పనిమీద వెళ్లినవారిలో కొందరు ఒక పూట వీలు చేసుకుని అక్కడికి వెళ్లి వస్తుంటారు. హైదరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. వెళ్లినవారంతా ఆ కిటికీలు చూసి "అబ్బ, ఎంత బాగున్నాయి" అంటారు. ఆ బొమ్మలు ఏం చెబుతున్నాయని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగినవారు తక్కువ. పడమటి దేశాలలో చదువురాని జనం చూసి తెలుసుకున్న దానిని చదువుకున్న మనం చదవలేకపోవడం విచారించదగిన విషయమే.

కరువులో లేచిన కట్టడం

మెదక్ చర్చి కథ కరువు ఎరిగిన మన సీమవారికి సులభంగా అర్థమవుతుంది. దానిని కట్టించినవారు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్. ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ గురువు. 1914లో పని మొదలైంది. అప్పుడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆ చుట్టుపక్కల పల్లెలను కరువు పట్టుకుంది. ఊరికే గంజి పోసే బదులు పని ఇచ్చి, పనికి తిండి ఇచ్చే పద్ధతిని పాస్నెట్ ఎంచుకున్నారు. పదేళ్లపాటు వందలాది పల్లెజనం రాళ్లు మోసి, సున్నం నూరి, ఆ గోడలను లేపారు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, చర్చిని ప్రతిష్ఠించారు. 2024 డిసెంబరుకు నూరేళ్లు నిండాయి.

కట్టడం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. అయిదు వేల మంది ఒకేసారి ప్రార్థన చేయవచ్చునని చెబుతారు. ధాత కరువు మాటలు తాతల నోట విన్న మన ప్రాంతంవారికి ఆ గోడలను చూస్తే వేరే సంగతులు కూడా గుర్తుకు వస్తాయి. 1876-78 నాటి ఆ కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఎంతగా నలిగిపోయాయో చరిత్ర చదివినవారికి విదితమే. కరువు పనుల్లో ఎక్కువగా మిగిలేవి చెరువు కట్టలు, రోడ్లు. మెదక్‌లో మిగిలింది ఒక కోవెల.

మూడు కిటికీలు, మూడు ఘట్టాలు

ఈ చర్చిలో పెద్ద రంగుటద్దాల కిటికీలు మూడు. బలిపీఠం వెనుక ఉన్నది క్రీస్తు ఆరోహణం. దానిని 1927లో అమర్చారు. రెండు పక్కల రెక్కల్లో ఒకవైపు క్రీస్తు జననం, మరొకవైపు సిలువ. జననం కిటికీ 1947 నాటిది. అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. సిలువ కిటికీ 1958 నాటిది. మూడూ ఒకేసారి రాలేదు. మొదటిదానికీ చివరిదానికీ నడుమ 31 ఏళ్లు గడిచాయి. మొదటి కిటికీ నాటికి అది నిజాం పాలనలోని సీమ. చివరి కిటికీ నాటికి ఆంధ్రప్రదేశ్ అవతరించి రెండేళ్లయింది. ప్రభుత్వాలు మారినా మొదలుపెట్టిన మూడు ఘట్టాల వరుసను మాత్రం పూర్తి చేశారు.

ఈ కిటికీల రూపకర్త ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ (1874-1962). ఇంగ్లండులో రాజులకు, ప్రధానమంత్రులకు చిత్తరువులు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. చర్చిల్ బొమ్మ వేసిన చేయి అది. అయితే అంతటి పేరు రాకమునుపు పదిహేనేళ్ల ప్రాయంలో ఆయన తన అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకునే కుర్రవాడు. ముందుగా చేతికి వచ్చిన విద్య గాజు పనే. పైగా ఆయన కూడా మెథడిస్టు. మెదక్ మిషన్‌వారు ఆయనను ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కిటికీలను చూడదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొద్దుగూకిన తరువాత వెళితే లోపలినుంచి ఏమీ కనిపించదు. నల్లని పలకల్లాగా ఉంటాయి. వెలుతురు బయటినుంచి లోపలికి రావాలి. ఉదయం ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు. మబ్బు పడితే ఇంకొక రంగు. కనుక ఎండ ఉన్నప్పుడు వెళ్లడం మేలు.

బొమ్మలను ఎలా చదవాలి?

పల్లెవారికి పంట చూసి నేల చెప్పడం ఎలా వచ్చునో, బొమ్మ చూసి మనిషిని చెప్పడం కూడా అలాగే అలవాటు మీద వస్తుంది. రంగుటద్దాల బొమ్మలు గీసేవారు తరతరాలుగా కొన్ని పద్ధతులు పాటిస్తూ వచ్చారు. ఆ గుర్తులు తెలిస్తే ఏ చర్చి కిటికీ అయినా చాలావరకు చదవవచ్చు.

మొట్టమొదట చూడవలసింది తల చుట్టూ ఉన్న వెలుగు వలయం. పరిశుద్ధులందరికీ ఒట్టి వలయం ఉంటుంది. ఆ వలయంలో సిలువ గీతలు ఉంటే అది క్రీస్తు. ఎంత గుంపులో ఉన్నా ఆయనను ఈ ఒక్క గుర్తుతో పట్టుకోవచ్చు.

తరువాత రంగులు. నీలం ఆకాశానిది, పరలోకానిది. యేసు తల్లి మరియకు తరచుగా నీలి వస్త్రం ఉండటానికి కారణం అదే. ఎరుపు రక్తానికి, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారికి గుర్తు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన అగ్నికి కూడా ఎరుపే. తెలుపు పవిత్రతకు, పునరుత్థానానికి. ఆకుపచ్చ ఎదుగుదలకు, ఆశకు. ఊదా పశ్చాత్తాపానికి. క్రిస్మస్‌కు ముందు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో అనేక చర్చిల్లో బలిపీఠం మీద ఊదా బట్ట పరచడం మనవారు చూసే ఉంటారు. బంగారు పసుపు దేవుని మహిమకు.

ఇక ప్రాణులు. గొర్రెపిల్ల అంటే క్రీస్తు. బలి అయిన గొర్రెపిల్ల కనుక. అదే గొర్రెపిల్ల కాళ్ల మధ్య సిలువ జెండా పట్టుకుని నిలబడి ఉంటే చావును గెలిచి లేచిన క్రీస్తు అన్నమాట. గొర్రెల మందలు మేపే మన సీమ పిల్లవాడు "గొర్రెపిల్ల జెండా ఎట్లా పట్టుకుంటుంది?" అని అడగడం సహజం. అడగాలనే ఆ బొమ్మను అలా గీశారు. పావురం పరిశుద్ధాత్మ. నాలుగు రెక్కల ప్రాణులు కనిపిస్తే అవి నలుగురు సువార్తికులు. మనిషి మత్తయి, సింహం మార్కు, ఎద్దు లూకా, గద్ద యోహాను. యెహెజ్కేలు గ్రంథంలోను, ప్రకటన గ్రంథంలోను వచ్చే నాలుగు ప్రాణుల నుంచి పుట్టిన పద్ధతి ఇది.

గూడబాతు కూడా ఒక గుర్తే. నెల్లూరు సీమలోని నేలపట్టుకు వచ్చే పెద్ద ముక్కు పక్షి అది. కరువులో పిల్లలకు మేత దొరక్కపోతే ఆ తల్లి పక్షి తన రొమ్మును ముక్కుతో చీల్చి రక్తం తాగించి బతికిస్తుందని పూర్వం ఐరోపావారు నమ్మేవారు. నిజానికి అది తన గొంతు సంచిలోని చేపలను పిల్లల నోటికి అందించడమే. అయినా ఆ నమ్మకం వల్ల గూడబాతు తన రక్తం ఇచ్చి బతికించిన క్రీస్తుకు గుర్తయింది. చేప బొమ్మది మరొక కథ. గ్రీకు భాషలో చేపను పిలిచే మాటలోని అక్షరాలు యేసు, క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు అనే మాటల మొదటి అక్షరాలతో సరిపోతాయి. అందుకే తొలినాటి క్రైస్తవులు ఆ గుర్తును వాడారు.

చేతిలో ఉన్న వస్తువు చూసి కూడా మనిషిని గుర్తుపట్టవచ్చు. తాళంచెవులు ఉంటే పేతురు. కత్తి ఉంటే పౌలు. ఈటె ఉంటే తరచు తోమా. మన మద్రాసు కొండ మీద ప్రాణం విడిచాడని సంప్రదాయం చెప్పే తోమా ఆయనే. చేతిలో ఈతమట్ట వంటి ఆకు ఉంటే విశ్వాసం కోసం చంపబడినవాడు. తెల్ల లిల్లీ పువ్వు ఉంటే అది పవిత్రతకు గుర్తు. ద్రాక్షతీగ, గోధుమ వెన్ను ఉంటే ప్రభువు బల్లలోని రసం, రొట్టె.

మెదక్‌లోని మూడు ఘట్టాలకు కూడా ఇలాంటి సంప్రదాయ గుర్తులున్నాయి. జననం బొమ్మలను చిత్రకారులు ఎక్కడ గీసినా పశువుల తొట్టి పక్కన ఎద్దు, గాడిద తరచుగా కనిపిస్తాయి. సువార్తలు వెతికితే ఆ రెండు పశువుల మాట ఉండదు. యజమాని దొడ్డిని పశువు గుర్తిస్తుంది గాని జనం తమ దేవుని గుర్తించలేదని యెషయా ప్రవక్త చెప్పిన మాట నుంచి అవి వచ్చి చేరాయి. జ్ఞానులు ముగ్గురని కూడా బైబిలులో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు ఉన్నాయి కనుక ముగ్గురయ్యారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం సమాధికి అని పెద్దలు అర్థం చెబుతారు. అంటే పుట్టిన బిడ్డ తొట్టి దగ్గరే చావు మాట కూడా ఉంది.

సిలువ బొమ్మల అడుగున ఒక్కొక్కసారి పుర్రె ఉంటుంది. గొల్గొతా అంటే కపాల స్థలమని అర్థం. ఆదాము పుర్రె అక్కడే ఉందని, మొదటి మనిషి తప్పు మీద క్రీస్తు రక్తం పడిందని పాతకాలపు నమ్మకం. ఒకపక్క తల్లి మరియ, మరొకపక్క శిష్యుడు యోహాను నిలబడి ఉంటారు. తల మీద ఉన్న పలక మీద నాలుగు రోమను అక్షరాలు ఉంటే అవి నజరేయుడైన యేసు యూదుల రాజు అనే మాటకు పొడి అక్షరాలు. ఎగతాళికి రాసిన పలక అది. దానినే విశ్వాసులు బిరుదుగా చదువుకున్నారు.

ఆరోహణం అంటే లేచిన నలభయ్యవ రోజున క్రీస్తు పరలోకానికి ఎక్కిపోవడం. ఇక్కడ లెక్కపెట్టి చూడవలసింది శిష్యులను. యూదా ఇస్కరియోతు పోయాడు కనుక అప్పటికి పన్నెండుమంది కాదు, పదకొండుమంది. పాతకాలపు గాజు బొమ్మలు కొన్నింటిలో పైన మబ్బులో రెండు పాదాలు మాత్రమే కనిపిస్తాయి. మిగతా శరీరం మబ్బులో మాయమైపోయిందన్నమాట. ఆ బొమ్మను చూసి నవ్వేవారు ఉండవచ్చు. ఊరు విడిచి వెళ్లే బిడ్డ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసిన తల్లిదండ్రులు నవ్వరు.

ఇసుక, సీసం, బంగారం

ఈ కిటికీ పని ఎలా జరుగుతుందో తెలుసుకుంటే దాని విలువ ఇంకా తెలుస్తుంది. గాజుకు మూలం ఇసుక. దానికి సోడా లేక బూడిద క్షారం, సున్నం కలిపి కొలిమిలో కరిగిస్తారు. రంగు పైన పూసేది కాదు, గాజు కరుగుతున్నప్పుడే లోపల కలిపేది. కోబాల్టు వేస్తే నీలం. మాంగనీసు వేస్తే ఊదా. రాగి వేస్తే కొలిమి మంటను బట్టి ఆకుపచ్చ గాని ఎరుపు గాని వస్తుంది. బంగారు అంగళ్లకు పేరుపొందిన ప్రొద్దుటూరు వారికి ఒక మాట చెప్పాలి. ఆమ్లంలో కరిగించిన బంగారం పిసరంత కలిపితే గాజు పచ్చగా కాదు, కెంపులాగా ఎర్రగా మారుతుంది. వెండి ఉప్పు పూసి కాలిస్తే పసుపు వస్తుంది.

ముందు కాగితం మీద కిటికీ అంత బొమ్మ గీస్తారు. దాని ప్రకారం రంగురంగుల గాజు ముక్కలు కోస్తారు. ముఖం, చేతులు, బట్టల మడతలు నల్లటి లోహపు పొడి రంగుతో గీసి మళ్లీ కాలుస్తారు. అప్పుడు ఆ గీత గాజులో కలిసిపోతుంది. ఆపైన ముక్క పక్కన ముక్క పేర్చి, మధ్యలో సీసపు కమ్మీలు పెట్టి అతుకుతారు. కిటికీలో మనకు కనిపించే నల్లగీతలు ఆ సీసమే. ఆ గీతలే బొమ్మకు హద్దులు, ఆ గీతలే కిటికీకి బలం.

ఆ సీసానికి కూడా ఆయుష్షు ఉంది. ఎండకు సాగి, చలికి ముడుచుకుని, గాలి తాకిడికి ఊగి, సాధారణంగా నూరేళ్ల ప్రాంతానికి అది అలిసిపోతుంది. అప్పుడు పనితెలిసినవారు కిటికీని దించి, గాజు అదే ఉంచి, సీసం కొత్తది వేస్తారు. మెదక్ మొదటి కిటికీకి 2027తో నూరేళ్లు నిండుతాయన్న సంగతి గమనార్హం.

మన చర్చిలు సాదాగా ఎందుకు?

ఇంత చెప్పాక పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. క్రైస్తవం మన జిల్లాకు వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో 1822లోనే పని ప్రారంభించారు. మెదక్ వంటి కిటికీలకు మన జిల్లా పేరు పొందలేదెందుకు? బీదరికం ఒక్కటే కారణం కాదు. దీని వెనుక పెద్ద వాదమే ఉంది.

బొమ్మలు చేసుకోరాదని పది ఆజ్ఞలలో ఉంది. దానిని పట్టుకుని క్రైస్తవుల మధ్య తొలినుంచీ తగవు నడుస్తూనే ఉంది. క్రీ.శ. 600 ప్రాంతంలో ఫ్రాన్సు తీరంలోని మార్సెయ్ పట్టణపు బిషప్పు సెరెనస్ తన చర్చిలోని బొమ్మలను పగలగొట్టించాడు. జనం వాటికి మొక్కుతున్నారని ఆయన బాధ. రోములోని పోపు గ్రెగరీ ఆయనకు ఉత్తరం రాశారు. మొక్కవద్దని చెప్పడం సరే, పగలగొట్టడం తప్పు అన్నారు. చదువు వచ్చినవారికి పుస్తకం ఎలాంటిదో చదువురానివారికి బొమ్మ అలాంటిదని ఆయన వాదం. తరువాత వెయ్యేళ్లు ఐరోపాలో చర్చి గోడలు, కిటికీలు పల్లెజనానికి బడిపలకలయ్యాయి.

ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చిలో 12, 13 శతాబ్దాల గాజు నేటికీ ఉంది. అక్కడి కిటికీల అడుగున రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, బండిచక్రాలు చేసేవారు, బట్టలమ్మేవారు తమ తమ పనుల్లో ఉన్న బొమ్మలు కనిపిస్తాయి. పైన దేవదూతలు, కింద చెప్పులు కుట్టేవారు. శ్రమజీవికి దేవుని కిటికీలో చోటు దొరకడం చిన్న విషయం కాదు.

ఇంగ్లండులో కథ మళ్లీ అడ్డం తిరిగింది. 1640 దశకంలో ప్యూరిటన్లు అనే కట్టుబాటువారు అధికారంలోకి వచ్చినప్పుడు బొమ్మలన్నీ విగ్రహారాధనే అని ఊరూరా కిటికీలు పగలగొట్టారు. కాంటర్‌బరీలోని పెద్ద చర్చి కిటికీలకు కూడా దెబ్బలు తప్పలేదు. ఆ కట్టుబాటు నుంచే కాంగ్రిగేషనల్ శాఖ ఎదిగింది. వారి చర్చిల్లో సాదా గోడలు, సాదా కిటికీలు, ఎదురుగా వాక్యం చెప్పే వేదిక. 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీలో ఎక్కువగా ఉన్నది ఈ శాఖవారే. మన జిల్లాకు వచ్చినవారు వారే. మెదక్‌కు వెళ్లినవారు వెస్లియన్లు. ఎవరి చేత విత్తనం పడిందో ఆ పంటే పండుతుంది కదా.

కనుక మన ప్రాంతంలో మిషన్‌వారు రంగుటద్దాల కంటే బడికి, పాటకు, వైద్యానికి ముందు చోటిచ్చారు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి దీనికి సాక్ష్యం. డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుతో పెరిగిన ఈ మిషన్ ఆసుపత్రికి రాయలసీమ నలుమూలల నుంచి రోగులు బండ్లు కట్టుకుని వచ్చిన కాలం ఉంది. మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యవిద్య ముగించాక కొంతకాలం ఇక్కడే వైద్యాధికారిగా పనిచేసిన సంగతి జిల్లావాసులకు తెలిసిందే. బైబిలును గాజులో చూపించడం ఒక పద్ధతి, మందుసీసాలో చూపించడం మరొక పద్ధతి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనడానికి వీలులేదు.

రోజూ చూస్తున్న తామర

అలాగని మన చర్చిల్లో గుర్తులే లేవనుకోవడం పొరపాటు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్‌వారు తదితరులు తమ వేర్పాట్లు విడిచి ఒక్కటయ్యారు. అంటే మెదక్ వెస్లియన్లు, మన జమ్మలమడుగు లండన్ మిషన్‌వారు ఆనాటి నుంచి ఒకే ఇంటివారు. మెదక్ కిటికీలు మనకు పరాయివి కావు.

ఆ సంఘం చిహ్నం పులివెందులలో గాని, జమ్మలమడుగులో గాని సి.ఎస్.ఐ. చర్చి బోర్డు మీద చూడవచ్చు. అందులో సిలువ ఉంది. సిలువ చుట్టూ తామర రేకులు ఉన్నాయి. వాటితోపాటు పరిశుద్ధాత్మకు గుర్తయిన అగ్నిజ్వాల ఉంది. తామర ఎక్కడిది? పాలస్తీనాలో పుట్టిన గుర్తు కాదు, లండన్‌లో పుట్టిందీ కాదు. మన చెరువులో పూసిన పువ్వు. బురదలో పుట్టి బురద అంటని పువ్వుగా మన పెద్దలు ఎన్నో కాలాలుగా చెప్పుకుంటున్నదే. పడమటి గాజులో లిల్లీ పువ్వు చేసిన పనిని మన నేల మీద తామర చేస్తోంది. అందరూ ఏకమై ఉండాలన్న క్రీస్తు ప్రార్థనను ఆ చిహ్నం చుట్టూ రాసుకున్నారు. ఏడాదికి యాభైరెండు ఆదివారాలు ఆ బోర్డు కింద నడిచి వెళ్లేవారిలో ఎందరు తలెత్తి చూశారో ఎవరికి వారే అడుగుకోవాలి.

కత్తోలికుల చర్చిలకు వెళితే గుర్తులు ఇంకా ఎక్కువ. వారిలో బొమ్మల సంప్రదాయం తెగలేదు. 1976లో కడప కేంద్రంగా కత్తోలిక మేత్రాసనం ఏర్పడింది. తాళంచెవులు, లిల్లీ, గొర్రెపిల్ల, ద్రాక్షతీగ వంటివి వారి చర్చిల్లో వెతికేవారికి దొరుకుతాయి.

పగిలితే అతకవచ్చు, మరిస్తే?

1939లో రెండవ ప్రపంచయుద్ధం ముంచుకొచ్చినప్పుడు షార్త్ర్ ప్రజలు తమ చర్చి కిటికీలన్నింటినీ దించి, ముక్కలు పెట్టెల్లో సర్ది, దూరంగా దాచిపెట్టారు. యుద్ధం ముగిశాక మళ్లీ అమర్చారు. అంత పెద్ద యుద్ధంలో అంత పలుచని గాజు మిగిలిందంటే దాని విలువ తెలిసినవారు ఉండబట్టే.

మన దగ్గర బాంబుల భయం లేదు. వేరే భయాలున్నాయి. పాత మట్టి మిద్దె చర్చిని, బండపరుపు చర్చిని పడగొట్టి కాంక్రీటు చర్చి కట్టడం ఇప్పుడు ఊరూరా జరుగుతున్నదే. జనం పెరిగారు, చోటు కావాలి, తప్పు పట్టనక్కరలేదు. అయితే పాత చెక్క తలుపు మీది చెక్కడం, కిటికీ పైభాగంలోని నాలుగు రంగుటద్దాలు, గోడలోని జ్ఞాపక ఫలకం, వీటి సంగతి ఎవరూ రాసిపెట్టరు. తాపీ పనివారు కూల్చిన రాళ్లతోపాటు అవీ బండెక్కుతాయి. కొత్త కిటికీకి అంగట్లో దొరికే రంగు కాగితం అంటించిన అద్దం వస్తుంది. దాని మీద గొర్రెపిల్ల ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. అమ్మేవాడికి తెలియదు, కొనేవాడు అడగడు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పాత చర్చి పడగొట్టేముందు లోపలా బయటా పగటి వెలుగులో ఫోటోలు తీసి ఉంచాలి. ఫలకాల మీది పేర్లు, సంవత్సరాలు నోటుపుస్తకంలో ఎక్కించాలి. రంగుటద్దాలు ఉంటే జాగ్రత్తగా దించి కొత్త కట్టడంలో ఒక మూలనైనా అమర్చాలి. వాటిని ఆమ్లంతోగాని, గరుకు పీచుతోగాని తోమకూడదు. గీసిన ముఖాలు చెరిగిపోతాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. రాళ్లదెబ్బ భయం ఉంటే బయటివైపు గాలి ఆడేటట్టు కొంచెం ఎడంగా ఇనుప జాలీ కట్టాలి. సీసం వదులైనట్టు కనిపిస్తే ఊరి అద్దాల అంగడివారికి అప్పగించకుండా ఆ పని తెలిసినవారిని అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లలకు చెప్పడం. ఆదివారపు బడిలో నెలకు ఒక గుర్తు చెప్పినా ఏడాదికి పన్నెండు గుర్తులు వస్తాయి. గొర్రెపిల్ల చేతికి జెండా ఎందుకిచ్చారు, ఎద్దు లూకా ఎందుకయ్యాడు, తామర సిలువ పక్కకు ఎలా వచ్చింది అని పిల్లలు అడుగుతారు. ఈ కబుర్లు క్రైస్తవుల పిల్లలకే పరిమితం కానక్కరలేదు. పుష్పగిరి గుడి గోడల మీది శిల్పాల కథ తెలిసిన క్రైస్తవ పిల్లవాడు, మెదక్ కిటికీ కథ తెలిసిన హిందూ, ముస్లిం పిల్లలు ఉన్న ఊరు మంచి ఊరే అవుతుంది. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు ఒకే కోట గోడల మధ్య నిలిచి ఉన్న గండికోట మన పక్కనే ఉంది కదా.

తోలుబొమ్మలు నేటికీ దొరుకుతాయి. అనంతపురం సీమలోని నిమ్మలకుంటలో చేసేవారున్నారు. కాని పట్నంలో వాటిని దీపపు గుడ్డగా కొనుక్కుపోయి గదిలో వేలాడదీసేవారిలో అది ఏ బొమ్మో తెలిసినవారు తగ్గిపోతున్నారు. రంగు మిగిలింది, కథ జారిపోయింది. రంగుటద్దాలకు ఆ గతి పట్టకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. పగిలిన గాజును సీసంతో అతకవచ్చు. మరచిన అర్థాన్ని అతికేవారు దొరకరు. కనుక ఇంట్లో ముసలివారు ఉండగానే అడిగి తెలుసుకోవడం మంచిది. చర్చి పెద్దలు, ఉపాధ్యాయులు ఈ విషయంలో శ్రద్ధ వహిస్తారని ఆశిద్దాం.